ఆఫ్రికాన్స్ భాషకు ఆపెరా ఎందుకంత ఆలస్యమైంది? అసలు అది ఎవరి ఆపెరా?

సందేహాలరావు
పాశ్చాత్య సంగీతం గురించి చదువుతూ దక్షిణాఫ్రికా దగ్గర ఆగిపోయాను. డచ్చి నుంచి పుట్టిన ఆఫ్రికాన్స్ భాషలో మొట్టమొదటి ఆపెరాగా, అంటే పాటతోనే సాగే నాటకంగా, క్రామ్‌వెల్ ఎవర్సన్ రాసిన ‘క్లూటైమ్నెస్ట్రా’ను చెబుతున్నారు. 1967లో కేప్ ప్రాంతంలోని వూస్టర్ పట్టణంలో ఆడారట. నాకు అర్థం కానిది ఇక్కడే. ఆ భాష 1925లోనే అధికార భాష అయింది. 1933 నాటికి బైబిలు అనువాదం వచ్చింది. 1948 నుంచి ఆ భాష మాట్లాడే తెల్లవాళ్ళ నేషనల్ పార్టీ గద్దె మీద కూర్చుంది. డబ్బుకు కొదవ లేదు, పట్టుదలకు అంతకన్నా లేదు. అలాంటిది సొంత భాషలో ఒక ఆపెరా రావడానికి 1967 దాకా పట్టిందా? తీరా వచ్చింది గ్రీకు రాణి కథ. జాతి, జాతి అని అంతగా చెప్పుకున్నవాళ్ళు తమ కథ ఒక్కటైనా ఎందుకు పాడుకోలేదు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

శ్రుతిలయ
ఆలస్యానికి మొదటి కారణం ఆపెరా స్వభావమే. పాట రాయడానికి ఒక కవి, ఒక స్వరకర్త, ఒక పియానో చాలు. ఆపెరాకు వాద్యబృందం కావాలి, కోరస్ కావాలి, మూడు గంటలు గొంతు నిలబెట్టగల గాయకులు కావాలి, రంగాలంకరణ కావాలి, వీటన్నిటినీ నెలల తరబడి పోషించే సంస్థ కావాలి. దక్షిణాఫ్రికాలో ఆ సంస్థలు 1963లో గానీ గట్టిగా నిలదొక్కుకోలేదు. ఆ ఏడాది రాష్ట్రానికొకటి చొప్పున నాలుగు ప్రదర్శన కళల మండళ్ళు పెట్టారు. కాబట్టి 1967 అంటే మరీ ఆలస్యం కాదు.

పాటల సంగతి చూడండి. యూజీన్ మరాయ్ కవితలకు ఆర్నల్డ్ వాన్ వైక్ స్వరం కట్టిన పాటల మాలిక 1950ల నాటిది. ఆ భాషలో అంత లోతైన సంగీతం ఉందా అని వినేవాళ్ళు నిజంగా ఆశ్చర్యపోతారు. ఆయన మాత్రం ఆపెరా జోలికి వెళ్ళలేదు. భాషకు సంగీతం రాక కాదు ఈ ఆలస్యం.

చరిత్రచదువరి
శ్రుతిలయ గారు చెప్పింది సగం కారణమే. సంస్థలు లేకపోవడం వల్ల ఆపెరా రాలేదంటే చెక్ వాళ్ళ సంగతి ఏమిటి? ఆస్ట్రియా సామ్రాజ్యం కింద ఉంటూ, చేతిలో అధికారం లేకుండా, ప్రజలు చందాలు వేసుకుని ప్రాగ్‌లో నేషనల్ థియేటర్ కట్టుకున్నారు. 1881లో తెరిచిన కొద్ది వారాలకే అది తగలబడిపోతే మళ్ళీ చందాలు పోగుచేసి 1883 నాటికి నిలబెట్టారు. ‘జాతి తనకు తాను ఇచ్చుకున్నది’ అని వేదిక పైన చెక్కించారు. స్వరకర్త స్మెతానా చెక్ ఆపెరాలు రాసింది ఆ ఊపులోనే. ఆయన చదువంతా జర్మన్‌లో సాగింది, చెక్ పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాడు.

ఆఫ్రికాన్స్ కథ దీనికి తలకిందులు. ఆ ఉద్యమానికి కూడా మొదట్లో కింది నుంచి వచ్చిన ఊపు ఉంది. 1875లో పార్ల్ పట్టణంలో కొందరు సంఘం పెట్టి, ‘వంటింటి భాష’ అని ఎగతాళికి గురవుతున్న మాటను అచ్చులోకి తెచ్చారు. ఆ వేడిలో ఆపెరా పుట్టలేదు. అధికారం చేతికొచ్చి, ఖజానా తాళాలు దొరికాక, పై నుంచి దించాలని చూశారు. అలా దించినది వేళ్ళూనుకోలేదు. నా వాదన ఇదే.

ఎర్రబస్సు
ఒక చిన్న ప్రశ్న. ఆ గ్రీకు రాణి ఎవరు? మొగుణ్ణి చంపిన ఆవిడేనా?

పాతపుస్తకం
ఆవిడే. ట్రాయ్ యుద్ధం నుంచి ఇంటికొచ్చిన ఆగమెమ్నాన్‌ను చంపిన భార్య. యుద్ధానికి బయలుదేరేటప్పుడు గాలి అనుకూలించాలని కన్నకూతురిని బలి ఇచ్చాడు కదా, ఆ పగ.

ఎర్రబస్సు
అయితే నేను రాణి పక్షం.

కేప్‌టౌన్_కాపురం
చాలా ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ‘ఆఫ్రికాన్స్, ఆపెరా’ అనే రెండు మాటలు పక్కపక్కన వచ్చినప్పుడు ఇక్కడి పాతవాళ్ళకు గుర్తొచ్చేది క్లూటైమ్నెస్ట్రా కాదు. ఇయోన్ గ్రూప్.

1933లో డిస్ట్రిక్ట్ సిక్స్ పేటలో హెలెన్ సదర్న్-హోల్ట్ అనే ఆంగ్ల మహిళ ఈ సంస్థను మొదలుపెట్టారు. ప్రభుత్వం ‘కలర్డ్’ అని ముద్ర వేసిన మిశ్రమ సంతతి ప్రజల పేట అది. మొదట ఉచ్చారణ పాఠాలు, వ్యాయామం, నృత్యం. 1943లో జోసెఫ్ మాంకా గాయక బృందం బాధ్యత తీసుకున్నాక అది సంగీతం వైపు మళ్ళింది. 1956లో కేప్‌టౌన్ సిటీ హాల్లో ఇటలీ స్వరకర్త వెర్దీ రాసిన ‘లా త్రావియాతా’ను, అంటే ఒక పారిస్ విలాసవతి కథను, పూర్తిగా ప్రదర్శించారు, అదీ ఇటాలియన్‌లో. పాడినవాళ్ళు పగలంతా కుట్టు ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో, బడుల్లో పనిచేసి సాయంత్రం సాధనకు వచ్చేవాళ్ళు. చాలామందికి స్వరలిపి చదవడం రాదు. పియానో మీద వాయిస్తే వాక్యం వెంబడి వాక్యం విని, అర్థం తెలియని ఇటాలియన్ మాటలను చెవితో పట్టి, కంఠస్థం చేసి, మొత్తం ఆపెరా నిలబెట్టారు. ఇంటికి వెళ్ళి వాళ్ళు మాట్లాడుకునేది చాలావరకు ఆఫ్రికాన్స్.

ఇప్పుడు చెప్పండి, ఆఫ్రికాన్స్ మాట్లాడే ప్రజల ఆపెరా చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

మలయమారుతం
గొప్ప కథే, కాదనను. కానీ కేప్‌టౌన్_కాపురం గారూ, ప్రశ్న ఆఫ్రికాన్స్ భాషలో ఆపెరా గురించి. మీరు చెప్పినవాళ్ళు పాడింది ఇటాలియన్. దాన్ని ఈ లెక్కలో ఎలా వేస్తారు? రెండు వేర్వేరు విషయాలను కలిపేస్తున్నారు.

కేప్‌టౌన్_కాపురం
కలిపేయడం లేదు, కావాలనే పక్కపక్కన పెడుతున్నాను. ఒకవైపు, భాష మాదే, సంస్కృతి మాదే అని తెల్లవాళ్ళు చెప్పుకున్నారు. మరోవైపు, అదే భాష ఇంట్లో మాట్లాడే మనుషులు దేశంలో కెల్లా పట్టుదలగా ఆపెరా పాడుతుంటే వాళ్ళను ఏం చేశారో చూడండి. డిస్ట్రిక్ట్ సిక్స్‌ను 1966లో ‘తెల్లవారి ప్రాంతం’గా ప్రకటించి, ఆ తర్వాత 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించి, ఇళ్ళు బుల్డోజర్లతో కూల్చారు. ఇయోన్ వాళ్ళను ఊరికి దూరంగా అథ్లోన్‌కు పంపారు. 1969లో అక్కడ ఒక హాలు కట్టారు. 1971లో నగరం నడిబొడ్డున నీకో మలాన్ ఆపెరా హౌస్ తెరిచారు. మొదట్లో తెల్లవాళ్ళకు మాత్రమే ప్రవేశం. 1975లో గానీ అందరికీ తలుపులు తీయలేదు. అదే 1971లో ఇయోన్‌లో పాట నేర్చుకున్న జోసెఫ్ గాబ్రియెల్స్ న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆపెరా వేదిక మీద పాడుతున్నాడు. సొంత ఊరి ఆపెరా హౌస్‌లో టికెట్ కొని కూర్చునే హక్కు మాత్రం లేదు.

భాష మాత్రమే జాతికి గుర్తింపు అయితే ఆయన ఆ జాతి గర్వించవలసిన గాయకుడు. కాలేదంటే ఆ గుర్తింపుకు పునాది ఇంకేదో ఉంది.

సందేహాలరావు
ఈ సంగతి నాకు అసలు తెలియదు. చాలాసేపు చదువుతూ ఉండిపోయాను. గాబ్రియెల్స్ తరువాత ఏమయ్యాడు?

కేప్‌టౌన్_కాపురం
జీవితంలో ఎక్కువ భాగం యూరప్‌లోనే గడిపాడు. ఆ తరం ప్రతిభావంతులు చాలామందిది అదే దారి. ఇయోన్‌లో పియానో వాయించి గాయకులను తయారుచేసిన గోర్డన్ జెఫ్టాస్ కూడా విదేశాలకే వెళ్ళాడు.

శ్రుతిలయ
ఇయోన్ గురించి మాట్లాడేటప్పుడు వాళ్ళు పడిన ఇరకాటాన్ని కూడా చెప్పాలి. ప్రదర్శనల ఖర్చు కోసం ప్రభుత్వ ‘కలర్డ్ వ్యవహారాల శాఖ’ నుంచి సొమ్ము తీసుకున్నారు. తెల్లవాళ్ళు ఒక పక్క, మిగతావాళ్ళు ఒక పక్క కూర్చునే హాళ్ళలో పాడారు. సొంత సమాజంలోనే కొందరు, ముఖ్యంగా ఉపాధ్యాయ సంఘాల వాళ్ళు, ‘మీరు ప్రభుత్వానికి అమ్ముడుపోయారు’ అని బహిష్కరించారు. పాడితే ద్రోహులు, మానేస్తే గొంతు మూగబోతుంది. ఆ గాయకుల జ్ఞాపకాలన్నీ 2013లో ఒక పుస్తకంగా వచ్చాయి. వాళ్ళకు రెండు వైపుల నుంచీ దెబ్బ తగిలింది. అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

నీలవేణి
బహిష్కరించినవాళ్ళ వైపు కూడా న్యాయం ఉంది కదా. ఇళ్ళు కూలగొడుతున్న ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో పట్టుబట్టలు కట్టుకుని పారిస్ విలాసవతి కథ పాడుతుంటే ఇరుగుపొరుగుకు కడుపు మండదా? నేనైతే ఆ టీచర్ల పక్కనే నిలబడేదాన్ని.

కేప్‌టౌన్_కాపురం
మీ కోపం న్యాయమైనదే. కానీ పగలంతా మిషను తొక్కిన మనిషికి సాయంత్రం ఆ రెండు గంటలే తనవి. ఆ రెండు గంటలూ వదులుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు.

పాతపుస్తకం
సందేహాలరావు గారి అసలు ప్రశ్నకు, అంటే సొంత కథ ఎందుకు పాడుకోలేదు అన్నదానికి, ఒక సంఘటన పనికొస్తుంది. 1966లో రిపబ్లిక్ ఏర్పడి ఐదేళ్ళయిన సందర్భంగా ఉత్సవాలు చేశారు. ఆ భాషలో అప్పటికి అందరికన్నా పెద్ద కవి ఎన్.పి. వాన్ వైక్ లౌ చేత నాటకం రాయించారు. బ్రిటిష్ వాళ్ళకూ, బోయర్లు అనే డచ్చి సంతతి రైతులకూ జరిగిన ఆంగ్లో-బోయర్ యుద్ధం ఇతివృత్తం. ఆయన వీరులనూ చూపించాడు, వెన్ను చూపినవాళ్ళనూ శత్రువు పక్షం చేరినవాళ్ళనూ చూపించాడు. జాతి అంటే ఎవరు అని నాటకంలోనే ప్రశ్న వేశాడు. ప్రధానమంత్రి వెర్వోర్డ్ అదే ఉత్సవాల్లో బహిరంగంగా దాన్ని తప్పుపట్టాడు. జాతిని కీర్తించే రచయిత కావాలి, ప్రశ్నించేవాడు కాదు అన్నది ఆయన ధోరణి. మామూలు రచయితకే కాదు, ఆ భాషకు తలమానికం లాంటి కవికే అలా జరిగింది.

ఇదే కవి అంతకు పదేళ్ళ ముందు రోమ్ నేపథ్యంలో ‘గెర్మానికుస్’ అనే పద్యనాటకం రాస్తే ఏ గొడవా లేదు. గ్రీసు, రోమ్ సురక్షితం. సొంత చరిత్ర ముళ్ళ దారి.

సందేహాలరావు
అంటే 1966లో సొంత చరిత్ర మీద నాటకానికి ప్రధానమంత్రి చేత చీవాట్లు, 1967లో గ్రీకు రాణి ఆపెరా. సంబంధం స్పష్టంగానే కనిపిస్తోంది.

చరిత్రచదువరి
అంత తొందరగా ముడిపెట్టకండి. ఒకదాని తరువాత ఒకటి వచ్చినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదు. ఆపెరా అనే ప్రక్రియే 1600 ప్రాంతంలో ఇటలీలో గ్రీకు నాటకాన్ని మళ్ళీ బతికించే ప్రయత్నంగా పుట్టింది. ఆపెరా రాయాలనుకున్న ప్రతి రెండో స్వరకర్తా గ్రీకు కథ వైపే చూశాడు. ఎవర్సన్ కూడా అదే చేసి ఉండవచ్చు. దానికి వెర్వోర్డ్ అక్కర్లేదు.

గ్రీకు కథను ఎంచుకోవడంలో వేరే రకం ఆశ కనిపిస్తుంది నాకు. ‘మా భాషలో గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ స్థాయి విషాదం కూడా పలుకుతుంది’ అని చూపించడం. వంటింటి భాష అన్న అవమానానికి అది జవాబు. 1971లో ఆపెరా హౌస్ కట్టడం వెనక కూడా అదే మనసు పనిచేసింది: మేము ఆఫ్రికా కొసన ఉన్నా యూరప్ వాళ్ళమే అని.

పాతపుస్తకం
ఎవర్సన్ మనసులో ఏముందో నేనూ చెప్పలేదు. వాతావరణం ఎలా ఉందో చెప్పాను. ఆ వాతావరణంలో ఒక బోయర్ కుటుంబం లోపలి హత్య గురించి ఆపెరా రాస్తే ఏమయ్యేదో ఊహించుకోండి.

మలయమారుతం
యూరప్ వాళ్ళమని చూపించుకోవడం అన్న మాటతో ఏకీభవిస్తాను. ఎందుకంటే ప్రభుత్వ మండళ్ళు నిజంగా డబ్బు పోసింది వెర్దీ, పుచీని, మోజార్ట్ మీద. కొన్నిటిని ఆఫ్రికాన్స్‌లోకి అనువదించి పాడించారు కూడా. కొత్త ఆఫ్రికాన్స్ ఆపెరాలు రాయించడం మీద అంత శ్రద్ధ పెట్టలేదు. గాయని మిమి కూర్ట్సెను చూడండి. 1956లో వియన్నా స్టేట్ ఆపెరాలో మోజార్ట్ ‘మాయా వేణువు’లోని ‘రాత్రి రాణి’ పాత్ర పాడింది. ఆఫ్రికానర్లకు, అంటే ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్లవాళ్ళకు, ఆవిడ దేవత. ఆవిడ ఆఫ్రికాన్స్ పాటలు పాడితే పొంగిపోయారు. ఆ పొంగులో సగం వియన్నా మెచ్చుకుందన్న ఆనందం.

నీలవేణి
ఇంతసేపు ఎవరూ 1976 ఎత్తలేదు. జొహానెస్‌బర్గ్ పక్కనున్న నల్లజాతి బస్తీ సోవెటో! లెక్కలు, సాంఘిక శాస్త్రం ఆఫ్రికాన్స్‌లోనే చెప్పాలని ప్రభుత్వం హుకుం జారీ చేస్తే నల్లజాతి పిల్లలు వీధుల్లోకి వచ్చారు. జూన్ 16న పోలీసులు కాల్పులు జరిపారు. చచ్చిపోయిన పన్నెండేళ్ళ హెక్టర్ పీటర్సన్‌ను చేతుల్లో మోసుకెళ్తున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. దానికి ముందు ఏడాదే, 1975లో, పార్ల్ కొండ మీద ఆ భాషకు ఆకాశాన్నంటే స్మారకం కట్టి పండగ చేసుకున్నారు. పిల్లల రక్తం అంటిన భాషలో ఆపెరా నిలబడలేదంటే నాకు ఆశ్చర్యం లేదు. ఆలస్యం గురించి కాదు, ఎవరు వింటారన్నది అడగాలి.

కేప్‌టౌన్_కాపురం
నీలవేణి గారూ, సోవెటో గురించి మీరు అన్నది అక్షరాలా నిజం. కానీ భాషకు రక్తం అంటించినవాళ్ళు వేరు, ఆ భాష మాట్లాడేవాళ్ళు వేరు. ఈ రోజు ఆఫ్రికాన్స్ ఇంటి భాషగా ఉన్నవాళ్ళలో సగానికి పైగా తెల్లవాళ్ళు కారు. మా వీధిలో కూరగాయలమ్మే ముసలాయన, మసీదు పక్క బేకరీ ఆవిడ, బస్సు డ్రైవరు, అందరిదీ ఆ భాషే. దాన్ని మొదట పుస్తకాల్లోకి ఎక్కించినవాళ్ళలో కేప్ ముస్లిములు ఉన్నారు. అదీ అరబ్బీ లిపిలో. 1860లలో ఇక్కడికి వచ్చిన అబూబకర్ ఎఫెందీ ఆఫ్రికాన్స్‌లో రాసిన మతగ్రంథం 1877లో ఇస్తాంబుల్‌లో అచ్చయింది. బానిసలుగా తెచ్చిన ఆసియా వాళ్ళు, ఇక్కడి ఖోయ్ జనం, డచ్చి వాళ్ళు కలిసి మాట్లాడుకోగా తయారైన భాష ఇది. ఒక పార్టీ దాన్ని తన సొత్తుగా చేసుకుంటే మిగతావాళ్ళు ఎందుకు వదులుకోవాలి?

నీలవేణి
వదులుకోమనడం లేదు. పిల్లలను చంపిన పేరు తుడవడానికి ఒక తరం సరిపోదు అంటున్నాను.

కేప్‌టౌన్_కాపురం
అది ఒప్పుకోవలసిందే.

రాగమాలిక
ముస్లిముల మాట వచ్చింది కాబట్టి నాకు ఎంతో ఇష్టమైన సంగతి చెబుతాను. కేప్ మలయ్ గాయక బృందాలు! 1939 నుంచి వాళ్ళకు పోటీలు నిర్వహించే మండలి ఉంది. ఎర్ర ఫెజ్ టోపీలు, ఒకే రంగు సూట్లు వేసుకుని ఇరవై ముప్పై మంది మగవాళ్ళు వరుసలుగా నిలబడతారు. మాండొలిన్, గిటార్, బాంజో, చెల్లో వాయిస్తారు. పాత డచ్చి పాటలను ‘నెదర్‌లాండ్స్ లీడ్’ అంటారు. బృందమంతా యూరప్ పద్ధతిలో నిటారుగా, స్వరం కదలకుండా పాడుతుంటే మధ్యలో ఒక్క గాయకుడు మాత్రం గొంతును వంచి, విరిచి, ఒక అక్షరం మీద ఆరేడు స్వరాలు దొర్లిస్తాడు. దాన్ని ‘కరింకెల్’ అంటారు. మన గమకం విన్న చెవికి అది వెంటనే అందుతుంది. కింద బృందం పట్టు వదలదు, పైన ఆయన పట్టు చిక్కడు. తూర్పు, పడమర ఒకే పాటలో, ఒకే ఊపిరిలో. మొదటిసారి రికార్డింగ్ విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఆఫ్రికాన్స్‌లో ఆపెరా రాయదలచినవాడు యూరప్ వైపు కాకుండా ఈ గాయకుడి వైపు చూసి ఉంటే ఎంత బాగుండేది! ఏ దేశంలోనూ లేని ఆపెరా వచ్చేది.

శ్రుతిలయ
రాగమాలిక గారు ఈ చర్చలో అన్నిటికన్నా విలువైన మాట అన్నారు. కాకపోతే ఒక చిక్కు. కరింకెల్ పాడేవాడు తనంతట తాను అల్లుకుంటూ పోతాడు. ఆపెరాలో వాద్యబృందానికి ప్రతి స్వరం కాగితం మీద ఉండాలి. ఆ అల్లికను రాసి పెడితే చచ్చిపోతుంది.

రాగమాలిక
రాయకుండా ఖాళీ వదిలిపెట్టండి. పద్దెనిమిదో శతాబ్దపు ఇటాలియన్ ఆపెరాలో గాయకుడికి అలా వదిలేవారు కదా.

శ్రుతిలయ
అవును, వదిలేవారు. ఆలోచించదగ్గ మాట.

ఎర్రబస్సు
మా ఊళ్ళో పద్యనాటకంలో కూడా అంతే. శ్రీకృష్ణుడు ఒక పద్యం రాగం తీస్తే ప్రేక్షకులు ‘వన్స్ మోర్’ అంటారు, అర్జునుడు అరగంట ఎదురుచూస్తాడు. పాడేవాడికి స్వేచ్ఛ ఇస్తే పొద్దున్నే పాలు పోసేవాడు వచ్చేదాకా నాటకం ఆగదు.

మలయమారుతం
నవ్వొచ్చింది ఎర్రబస్సు గారూ. తెల్లవారుజామున నిద్రకళ్ళతో రాయబారం చూసిన రోజులు గుర్తొచ్చాయి.

డర్బన్_అల్లుడు
మా అత్తగారి వాళ్ళు తరాలుగా ఇక్కడి తెలుగువాళ్ళు. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో చెరకు తోటల కూలీలుగా మొదటివాళ్ళు దిగిన దగ్గర నుంచి తెలుగువాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఇంట్లో మాట ఇంగ్లిషు అయిపోయినా, రామభజనలో మాత్రం తెలుగు వినిపిస్తుంది. మా మామగారు తెలుగు చదవలేరు. కీర్తనలు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్న ఒక నోటుపుస్తకం ఉంది, అంచులన్నీ నూనె మరకలు, ప్రతి శనివారం సాయంత్రం అదే తీస్తారు.

ఈ చర్చకు సంబంధం ఏమిటంటే, దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో అధికార భాషలే కాకుండా, సమాజాలు వాడే ఇతర భాషలను కూడా గౌరవించి పెంపొందించాలని రాసి, ఆ జాబితాలో మన తెలుగు పేరు కూడా చేర్చారు. ఆఫ్రికాన్స్‌కు ఒకప్పుడు మొత్తం రాజ్యం అండగా ఉంది. మా మామగారి తెలుగుకు ఆ నోటుపుస్తకం అండ. ఏ భాషైనా పాటలో నిలబడడానికి రాజ్యం కావాలన్న మాట నేను ఒప్పుకోను.

సందేహాలరావు
రాజ్యాంగంలో తెలుగు పేరు ఉందా! ఎంత సంతోషం కలిగించారండీ.

చరిత్రచదువరి
డర్బన్_అల్లుడు గారి మాటకు నాదొక అభ్యంతరం. భజన నోటుపుస్తకంతో నిలబడుతుంది, ఆపెరా నిలబడదు. రాజ్యం అండ తీసేస్తే ఆపెరాకు ఏమవుతుందో, వర్ణవివక్ష పాలన పోయిన 1994 తరువాత అక్కడే చూశాం. పాత మండళ్ళకు నిధులు తగ్గించారు. 1981లో ఎంతో ఆడంబరంగా తెరిచిన ప్రిటోరియా స్టేట్ థియేటర్‌ను 2000లో కొంతకాలం మూసేశారు. కేప్‌టౌన్ మండలి పోయి ఆర్ట్‌స్కేప్ వచ్చింది. ఆపెరా విభాగం కేప్‌టౌన్ ఆపెరా పేరుతో వేరుపడి తన కాళ్ళ మీద తాను నిలబడవలసి వచ్చింది. ఆకలితో ఉన్న పిల్లలకు బడి ముందు, వెర్దీ తరువాత అన్నారు కొత్త పాలకులు. ఆ మాటను నేను తప్పుపట్టలేను.

శ్రుతిలయ
అయినా ఆపెరా చచ్చిపోలేదే! పైగా అసలు ప్రాణం అప్పుడే వచ్చింది. నల్లజాతి బస్తీల్లో, చర్చిల్లో తరాలుగా ఉన్న బృందగాన సంప్రదాయం నుంచి గాయకులు వెల్లువలా వచ్చారు. ప్రెటీ యెండె, పుమెజా మత్షికిజా ఆ తరం వాళ్ళే. 2002లో మ్జిలికాజి ఖుమాలో జులూ భాషలో ‘ప్రిన్సెస్ మగోగో’ ఆపెరా రాశాడు. ‘కార్మెన్’ ఆపెరా కథను ఖోసా భాషలో కేప్‌టౌన్ దగ్గరి ఖయెలిట్షా బస్తీకి మార్చి తీసిన సినిమాకు 2005లో బెర్లిన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్ వచ్చింది. ఎవరిని ఆపెరా హౌస్ గడప తొక్కనివ్వలేదో వాళ్ళ పిల్లలే ఇప్పుడు ఆ హౌస్‌ను నింపుతున్నారు.

మలయమారుతం
మరి ఆఫ్రికాన్స్ ఆపెరా?

శ్రుతిలయ
ఉంది, తక్కువ. ఆఫ్రికాన్స్ కవి లీపోల్ట్ నాటకం ఆధారంగా స్వరకర్త హెండ్రిక్ హోఫ్‌మేర్ ‘డీ లాస్టె ఆంట్’ (చివరి సాయంత్రం) రాశాడు. డచ్చి కంపెనీ కాలపు కేప్ కథ అది. సందేహాలరావు గారు అడిగిన సొంత కథ అన్నమాట. చూశారా, అధికారం చేజారిపోయాకే సొంత చరిత్రలోని చీకటి వైపు తిరిగి చూడడం సులువైంది. యూరప్‌లో ప్రదర్శన వస్తువుగా తిప్పిన ఖోయ్ మహిళ సారా బార్ట్‌మన్ మీద కూడా 2010లో ఆయన ఒక చిన్న ఆపెరా రాశాడు.

నీలవేణి
అధికారం పోయాకే నిజాయితీ వచ్చిందన్న మాట నాకు నచ్చింది. ఆ ఆపెరా దొరికితే వింటాను.

పాతపుస్తకం
జాతీయ గీతం గురించి ఎవరూ అనలేదు. 1997 నుంచి వాళ్ళు పాడుకునే గీతంలో ఐదు భాషలు ఉన్నాయి: ఖోసా, జులూ, సెసోతో, ఆఫ్రికాన్స్, ఇంగ్లిషు. ఎనాక్ సొంటోంగా 1897లో కట్టిన ప్రార్థనతో మొదలవుతుంది. తరువాత వర్ణవివక్ష కాలపు ‘డీ స్టెమ్’ నుంచి నాలుగు పాదాలు ఆఫ్రికాన్స్‌లో. ఆ గీతాన్ని కూర్చిన సంఘంలో మ్జిలికాజి ఖుమాలో ఉన్నాడు, అంటే జులూ ఆపెరా రాసిన ఆయనే. ఆఫ్రికాన్స్ పాదాలను తీసేయాలని కొన్ని పార్టీలు ఇప్పటికీ అడుగుతుంటాయి.

ఎర్రబస్సు
ఐదు భాషల గీతం స్టేడియంలో అందరూ పాడగలరా?

కేప్‌టౌన్_కాపురం
రగ్బీ మ్యాచ్‌కు వెళ్ళి చూడండి. మొదటి భాగంలో కొన్ని గొంతులు తగ్గుతాయి, ఆఫ్రికాన్స్ పాదాల దగ్గర వేరే గొంతులు తగ్గుతాయి. కానీ ఏటేటా రెండు చోట్లా తగ్గే గొంతుల సంఖ్య తగ్గుతోందని నాకు అనిపిస్తుంది. బడిపిల్లలైతే మొత్తం గడగడా పాడేస్తారు.

నీలవేణి
నేను ఆ నాలుగు పాదాల దగ్గర నోరు మూసుకునేవాళ్ళ పక్షమే. ఎవరైనా ఏమైనా అనుకోండి.

కేప్‌టౌన్_కాపురం
అది మీ హక్కు. మా పక్క ఫ్లాట్ పెద్దావిడ తండ్రిని డిస్ట్రిక్ట్ సిక్స్ నుంచి తరిమేశారు. ఆవిడ మాత్రం ఆ పాదాలనే అందరికన్నా గట్టిగా పాడుతుంది, అది మా నాన్న భాష అని.

సందేహాలరావు
ఇయోన్ గ్రూప్ గురించి ఇంకా తెలుసుకోవాలని ఉంది. వాళ్ళ పాట వినడానికి దారి ఉందా?

శ్రుతిలయ
వాళ్ళ కాగితాలు, ఫొటోలు, రికార్డింగులు స్టెలెన్‌బోష్ విశ్వవిద్యాలయం సంగీత భాండాగారంలో భద్రపరిచారు. ఆర్యన్ కగనాఫ్ వాళ్ళ మీద 2013లో డాక్యుమెంటరీ తీశారు. అందులో పాత గాయకులు మాట్లాడతారు. ముందు అది చూడండి, తరువాత మే అబ్రహామ్సె అనే సోప్రానో (పై స్థాయిలో పాడే గాయని) పేరుతో వెతకండి.

రాగమాలిక
కరింకెల్ రికార్డింగుల కోసం కూడా ఒక చర్చ మొదలుపెడతాను. మృదంగం, గాత్రం నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే రండి, ఆ సంగతులను స్వరాల్లో రాయగలమేమో ప్రయత్నిద్దాం.

డర్బన్_అల్లుడు
మా మామగారిని కూడా కూర్చోబెడతాను. ఆయనకు తాళం బాగా వచ్చు.